అడుగు పంక్తి చూచి ఆపై మాట చెప్పుడు

ఎన్నికలు సమీపించినంతనే జహీరాబాద్ ప్రాంతపు గ్రామములలో ఇంటింటికి కరపత్రములు చేరును. విరాళములు కోరు సంఘముల విజ్ఞప్తులును వచ్చును. నేడివి చేతి ఫోనులకు కూడ వచ్చుచున్నవి. చదువురాని రైతు అట్టి కాగితమును పంచాయతీ సభ్యునికి చూపును. సభ్యుడు "మంచిదే" అన్నచో నమ్మి డబ్బిచ్చును. కావున ఆ ఒక్క మాటకు ముందు చూడవలసిన వానిని మేమిచట తెలుపుచున్నాము.

మొదట కరపత్రము. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము 127-ఏ విభాగము ననుసరించి, శాసనసభ, లోక్‌సభ ఎన్నికల కరపత్రముపై ముద్రించినవారి, ప్రచురించినవారి పేర్లు, చిరునామాలు ఉండి తీరవలెను. లేనిచో బాధ్యులకు ఆరు నెలల వరకు ఖైదు గాని, 2,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. పేరులేని కాగితమును రచ్చబండపై చదివి వినిపింపరాదు. జిల్లా ఎన్నికల అధికారికి పంపవలెను.

ఇక విరాళము. అడుగుచున్న సంఘము రిజిస్టరు అయినదా? రసీదు నిచ్చునా? సొమ్ము సంఘము ఖాతాకు చేరునా, వ్యక్తి ఖాతాకా? రాజకీయ పక్షము 2,000 రూపాయలకు మించిన విరాళమును నగదుగా గైకొన్నచో, 2017 నాటి సవరణ ననుసరించి, ఆదాయపు పన్ను మినహాయింపును కోల్పోవును. ఫోను ద్వారా మోసపోయినవారు ఆలస్యము చేయక 1930 నంబరునకు తెలుపవలెను.

ఇచ్చుటయు మానుటయు దాత ఇష్టము. తెలిసి ఇచ్చునట్లు చూచుట మన విధి.