పాలు తాగే బిడ్డ నోటిలో నాలుక ఏం చేస్తుంది?

ప్రసూతి వార్డులో మాకు తరచు వినిపించే మాట ఒకటుంది. "సిస్టరమ్మా, బిడ్డ రొమ్ము పడుతోంది గాని పాలు రావడం లేదు." ఆ మాట వెనకాలే ఇంటి నుండి పాలసీసా, డబ్బా పాలు వచ్చేస్తాయి. పాలు పడలేదన్న నింద తల్లికి మిగులుతుంది. చాలాసార్లు లోటు పాలలో ఉండదు. రొమ్ము బిడ్డ నోటిలోకి ఎంతవరకు వెళ్ళింది, నాలుక ఎలా కదులుతోంది అన్నదానిలో ఉంటుంది. నోటి లోపల జరిగేది మన కంటికి కనబడదు కాబట్టి, కొందరు పరిశోధకులు దాన్ని అల్ట్రాసౌండ్ స్కానింగ్‌తో చూశారు. ఆ సంగతులు ఈసారి తెలుసుకుందాం.

నేను నర్సింగ్ చదివిన రోజుల్లో, గేదె పాలు పితికినట్టు బిడ్డ నాలుకతో చనుమొనను అంగిలికి నొక్కి పాలు పిండుకుంటుందని నేర్చుకున్నాం. ఈ అభిప్రాయానికి ఒక ఆధారం 1958లో అచ్చయిన ఎక్స్-రే చిత్రాల పరిశోధన. చనుమొనకు బేరియం పూసి, బిడ్డ తాగుతుండగా ఎక్స్-రే ఫిల్ము తీశారు. పసిబిడ్డలకు ఎక్స్-రే కిరణాలు పదే పదే తగలనివ్వడం మంచిది కాదు. అందుకే 1980ల మధ్యలో ఈ పనికి అల్ట్రాసౌండ్ వాడటం మొదలయ్యాక చాలా విషయాలు తేటపడ్డాయి.

పద్ధతి కష్టమైనది కాదు. జెల్ రాసిన చిన్న ప్రోబ్‌ను బిడ్డ గడ్డం కింద మెత్తని భాగంలో, నిలువుగా మధ్యగీతకు ఆనిస్తారు. తెర మీద నాలుక పైభాగం ఒక తెల్లని గీతలా కనబడుతుంది. దానిపైన చనుమొన, ఆపైన అంగిలి. పాలు వచ్చినప్పుడు నాలుకకు, అంగిలికి నడుమ మెరిసే చుక్కలు పారుతున్నట్టు ఉంటుంది. రేడియేషన్ లేదు, బేరియం లేదు. బిడ్డ తల్లి ఒడిలోనే ఉండి తన పాలు తాను తాగుతుంటుంది.

పశ్చిమ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయంలో డోనా గెడ్డెస్, ఆమె తోటివారు ఇలా 20 మంది బిడ్డలను పరీక్షించి 2008లో ఫలితాలు ప్రకటించారు. స్కానింగ్ తీస్తూనే, చనుమొన పక్కన సన్నని గొట్టం అమర్చి నోటిలోని వాక్యూమ్‌ను, అంటే పీల్చే బలాన్ని కొలిచారు. నాలుక పైకి నొక్కినప్పుడు పాలు రావాలని కదా మనం అనుకున్నది? తెర మీద కనబడింది వేరు. నాలుక కిందికి దిగినప్పుడే పాలు నోటిలోకి వచ్చాయి. నాలుక అన్నిటికన్నా కిందికి వెళ్ళిన క్షణంలో పీల్చే బలం ఎక్కువ. మనం బి.పి. చూసే కొలతలోనే చెప్పాలంటే సగటున 145 మిల్లీమీటర్ల పాదరసం. నాలుక మళ్ళీ పైకి లేచినప్పుడు అది 64కు తగ్గింది గాని పూర్తిగా పోలేదు. ఆ కొద్ది బలమే రొమ్మును నోటిలో జారిపోకుండా పట్టి ఉంచుతుంది. లేచిన నాలుక పాలను గొంతువైపు పంపుతుంది, బిడ్డ మింగుతుంది.

అయితే పాత పాఠం పూర్తిగా తప్పని కూడా అనలేము. 2014లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు ఇలాంటి చిత్రాలనే కంప్యూటర్‌తో పరిశీలించి, నాలుక ముందుభాగం కింది దవడతో కలిసి ఒకే ముక్కలా లేచి దిగుతుందని, వెనుకభాగం మాత్రం అలలా కదిలి మింగడానికి సాయపడుతుందని చూపారు.

నాలుక కింది పొర బిగిసి ఉన్న బిడ్డల విషయంలోనూ స్కానింగ్ పనికొచ్చింది. 2008లోనే వచ్చిన మరో పరిశోధనలో అలాంటి 24 మంది బిడ్డలను ఆ పొర కత్తిరించక ముందు, తరువాత చూశారు. ముందు కొందరు చనుమొన కొనను, కొందరు మొదలును నొక్కేస్తున్నారు. తరువాత ఆ నొక్కుడు తగ్గింది, తల్లి నొప్పి తగ్గింది, బిడ్డ తాగే పాలు పెరిగాయి. దీన్ని చదివి ప్రతి బిడ్డకూ పొర కత్తిరించమని డాక్టరు గారిని అడగకండి. పొర కనబడినా చక్కగా తాగే బిడ్డలు ఎందరో. ముందు పట్టు సరిచేసి చూడాలి.

స్కానింగ్‌కు హద్దులున్నాయి. దవడ ఎముక నీడ పడి కొంత భాగం కనబడదు. బిడ్డ తల తిప్పితే చిత్రం పోతుంది. పాలు ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయా అన్న అనుమానానికి ఇది సరిపోదు. పైగా మన దేశంలో 1994 నాటి లింగనిర్ధారణ నిరోధక చట్టం కింద స్కానింగ్ యంత్రానికి రిజిస్ట్రేషన్ ఉండాలి, దాన్ని ఎవరుబడితే వారు వార్డులో తిప్పుకొనేది కాదు. కాబట్టి పరిశోధకులు తెర మీద చూసినదాన్ని మనం బిడ్డ గడ్డం మీద చూడాలి. మొదట చిన్న చిన్న వేగమైన చప్పరింపులు. పాలు దిగాక గడ్డం బాగా కిందికి వెళ్ళి క్షణం ఆగుతుంది, తరువాత గుటక. బుగ్గలు లోపలికి గుంటపడి, టక్ టక్‌మని చప్పుడు వస్తుంటే పీల్చే బలం మధ్యలో తెగిపోతోందన్నమాట. వదిలిన చనుమొన లిప్‌స్టిక్ మొనలా ఏటవాలుగా నలిగి ఉంటే పట్టు లోతుగా లేదు.

చిన్నప్పుడు స్టాఫ్ నర్సుగా నేను బిడ్డ తల వెనుక చెయ్యి పెట్టి రొమ్ము మీదికి నొక్కేదాన్ని. బిడ్డ గడ్డం తన ఛాతీకి తగిలేలా వంగిపోయేది. అలా వంగిన మెడతో దవడ ఎలా దిగుతుంది, నాలుక ఎలా దిగుతుంది? మీరే ఒకసారి గడ్డం ఛాతీకి ఆనించి నీళ్ళు మింగి చూడండి. ఎంతమంది బిడ్డలు నా చేతిలో ఏడ్చారో తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఆమధ్య 2.9 కిలోల బిడ్డ నాలుగో రోజుకు 2.6కు దిగాడు. తల్లికి మొదటి కాన్పు, చనుమొనలు పగిలి కన్నీళ్ళతో ఉంది. పక్కనే అత్తగారు కొత్త పాలసీసా కడుగుతున్నారు. "పెద్దమ్మా, ఒక్క పూట ఆగండి" అన్నాను. బిడ్డ పొట్ట తల్లి పొట్టకు ఆనించి, తల వదిలేసి వీపు, భుజాలు మాత్రం పట్టుకోమన్నాను. ముక్కుకు ఎదురుగా చనుమొన ఉంచి, నోరు పెద్దగా తెరిచేదాకా ఆగాం. మూడోసారికి పట్టు కుదిరింది. టక్ టక్ ఆగింది, గడ్డం లోతుగా దిగింది, గుటక వినబడింది. చాలని పాలను రెండు రోజులు పిండి ఉగ్గు గిన్నెతో పట్టించాం. ఆరో రోజున బిడ్డ 2.68 తూగాడు.

టీకాకు వచ్చినప్పుడు ఆ సీసా ఏమైందని అడిగాను. అత్తగారు అందులో కొబ్బరినూనె పోసుకుంటున్నారట.