వీరకథకు శ్రుతి

పల్నాటి వీరుల కథను తరతరాలుగా గానం చేస్తున్నవారు వీరవిద్యావంతులు. ఏటా కార్తిక అమావాస్యకు కారెంపూడిలో నాగులేటి ఒడ్డున వీరుల తిరునాళ్లు ప్రారంభమవుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అనే ఐదు రోజుల ఉత్సవానికి వీరి గానమే ప్రాణం.

ప్రధాన గాయకుడు కత్తి చేతబూని కథ చెబుతాడు. అతనికి సహకారంగా పంబ, తాళం, తిత్తి మ్రోగుతాయి. తిత్తి అనగా తోలుసంచి. వాదకుడు దానిని ఊపిరితో నింపి, చంకలో అదిమి, ఒకే స్వరాన్ని నిలుపుతాడు. అతడు ఊపిరి తీసుకొనే క్షణంలోనూ సంచిలోని గాలి ఆ స్వరాన్ని తెగనీయదు. అలరాజు రాయబారానికైనా, బాలచంద్రుని యుద్ధానికైనా అది మారదు. ప్రేక్షకుల చూపు గాయకునిపై ఉంటుంది. గాయకుని చెవి తిత్తిపై ఉంటుంది. శ్రుతి తప్పిన వీరరసం వట్టి కేకగా మిగులుతుంది. అయినను తిత్తి పట్టినవాని పేరు అడిగేవారు అరుదు.

ఈ కథను శ్రీనాథుడు ద్విపదలో రచించినట్లు ప్రసిద్ధి. అలిశెట్టి గాలెయ్య పాడిన కథను జీన్ రోఘైర్ ఆంగ్లంలోకి అనువదించగా, 1982లో గ్రంథంగా వెలువడింది. ఆ విధంగా కథ అచ్చులో భద్రమైంది. కాని సంచిని ఎంత ఒత్తిడితో అదమాలో గ్రంథం నేర్పజాలదు. పెద్దవాని పక్కన ఏళ్లతరబడి నిలిచిన పిల్లవానికే ఆ విద్య అబ్బుతుంది. ఆ పిల్లవాడు బ్రతుకుతెరువుకై ఊరు విడిచినచో కథ మిగులుతుంది. దాని శ్రుతి మిగలదు.

ప్రశ్నలు
1. తిత్తి స్వరం తెగకుండా ఎట్లు నిలుస్తుంది?
2. గ్రంథం భద్రపరచలేని విద్య ఏది? ఎందువలన?