మట్టిలో ఆడనివ్వండి

ప్రశ్న: మేడం, మాది ఖిలా వరంగల్. బాబుకు నాలుగేళ్లు. ఎప్పుడూ ఫోనే. వాడకట్టు పిల్లలందరినీ కలిపి సాయంత్రాలు బయట ఆడిద్దామనుకుంటున్నాం. నిజంగా లాభం ఉంటుందా?
– ఒక తల్లి

జవాబు: తప్పకుండా ఉంటుందమ్మా. ఈ వయసు పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు ఒళ్లు కదిలించాలని, అందులో 60 నిమిషాలైనా పరుగులు, గెంతులు ఉండాలని, కూర్చుని తెర చూడటం గంట దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఎగుడుదిగుడు నేల మీద తిరిగితే ఒంటికి నిలకడ వస్తుంది. తడిమట్టి పిసికినా, చింతగింజలు ఏరినా వేళ్లకు పట్టు చిక్కుతుంది; రేపు పెన్సిల్ పట్టేది ఆ వేళ్లే. తొక్కుడుబిళ్లలో తన వంతు కోసం ఆగడం కూడా చదువే.

మట్టికోట, ఏకశిల గుట్ట మీకు దగ్గరే. ఐదారుగురు పిల్లలు, ఇద్దరు పెద్దలు చాలు. కందకం, చెరువు వైపు మాత్రం వదలకండి. కోటలోని కీర్తితోరణాల దగ్గరి శిల్పాలు ఎక్కనివ్వకండి. తోరణం మీద హంసలెక్కడున్నాయో వెతకమనండి. అడుగడుక్కీ ‘పడతావ్’ అని ఆపొద్దు. చిన్న గీతలు పడితే కడిగితే సరి.

ఒక్క మాట. పిలిస్తే చూడకపోయినా, ఇంకా వాక్యాలుగా మాట్లాడకపోయినా ఆటలతో సరిపెట్టకుండా ఎంజీఎం ఆసుపత్రిలో పిల్లల డాక్టరుకు చూపించండి.