పేరు పెట్టేముందు ఒకసారి నోరారా పిలిచి చూడు చెల్లీ

చెల్లీ, నెల తప్పిందన్న కబురు వెనకాలే "ఎవరికీ లేని పేరు చెప్పక్కా" అన్న ఫోనూ వస్తుంది. ఆ ముచ్చట తీర్చుకోవాల్సిందే. మన చిన్నప్పుడు ప్రతి క్లాసులోనూ నలుగురైదుగురు లక్ష్ములుండేవాళ్ళు, ఇంటిపేరు కలిపితేగానీ ఏ లక్ష్మో తెలిసేది కాదు. మన పిల్లకలాంటి అవస్థ వద్దనుకోవడం సహజమే.

2023 జూన్‌లో రామ్‌చరణ్, ఉపాసన దంపతులు తమ పాపకు క్లీంకార అని పేరు పెట్టినప్పుడు గుర్తుందా, ఏ ఇద్దరాడవాళ్ళు కలిసినా అదే మాట. లలితా సహస్రనామంలోంచి తీసుకున్నామని చిరంజీవిగారు చెప్పారు. రోజూ పారాయణ చేసే మన అత్తయ్యలకు, అమ్మమ్మలకు అది కొత్తదేం కాదు, 'క్లీంకారీ' అన్న నామం వాళ్ళ నాలుక మీద ఆడేదే. తడబడిందల్లా ఇంగ్లీషులో చదివినవాళ్ళే. రెండు ముక్కలుగా ఉన్న ఆ స్పెల్లింగు చూసి 'క్లిన్ కారా' అనేశారు. దీర్ఘం ఎగిరిపోయింది, సున్న కాస్తా పొల్లు నకారమైంది. అదే తెలుగులో రాసి ఉంటే రెండో తరగతి పిల్లయినా తడుముకోకుండా చదివేది.

మరి అలాంటి పేరు ఊరూరా పాకుతుందా అంటే, నాకు నమ్మకం లేదమ్మా. అది బీజాక్షరంతో మొదలయ్యే నామం. దాంతో పిల్లను కేకేసి పిలవడానికి పెద్దవాళ్ళు జంకుతారు. మహేశ్‌బాబుగారి అమ్మాయి సితార, అల్లు అర్జున్‌గారి అమ్మాయి అర్హ అలా కాదు. పొట్టి పేర్లు, ఎవరి నోటైనా పలుకుతాయి. సితార అయితే 1984లో వంశీగారి సినిమాతోనే మన చెవికెక్కింది. పలకడం తేలికైన పేరు త్వరగా పాకుతుంది, పాకిందంటే ఇక "ఎవరికీ లేని" పేరుగా ఎంతోకాలం మిగలదు. అందుకని పేరు నీకు నచ్చిందా లేదా అన్నదే చూసుకో, ఇంకెందరికి ఉందో లెక్కపెట్టకు.

నక్షత్రం పట్టింపు ఉంటే ఇంకో చిక్కు. పుట్టిన నక్షత్రాన్నిబట్టి పేరు మొదటి అక్షరం ఉండాలంటారు కదా, హస్తకు పూ, ష, ణ, ఠ అంటారు. ఆర్ద్రకు ఙ కూడా ఉంది. ణతో, ఙతో పేరెక్కడ తెస్తాం? జాతకానికో నామం, పిలవడానికో పేరు అని పెద్దలు ఎప్పుడో దారి చూపించారు. ఆ అక్షరం కోసం అర్థంలేని పేరు అల్లి పిల్ల నెత్తిన పెట్టకు తల్లీ, అది మాత్రం నేనొప్పుకోను.

పిల్ల రేపు ఏ ఊరు వెళ్తుందో కూడా ఆలోచించు. మనం ప్రజ్ఞ అని రాసుకుంటే హిందీవాళ్ళు 'ప్రగ్యా' అంటారు, మరాఠీవాళ్ళు 'ప్రద్న్యా' అంటారు. 'త' కోసం మనం టీ పక్కన హెచ్ పెడతాం, ఉత్తరాదిలో హెచ్ కనబడితే 'థ' అనుకుంటారు. అందుకే మన స్వాతి ఢిల్లీలో స్వాథి అవుతుంది. అంతమాత్రాన పేరు మార్చుకోనక్కర్లేదు. "నా పేరు ఇలా పలకాలండీ" అని పిల్లకు మొదటినుంచీ చెప్పడం నేర్పితే చాలు.

స్పెల్లింగు విషయంలో మాత్రం తొందరపడకు. పుట్టిన 21 రోజుల్లో జననం నమోదు చేయించాలి, కానీ పేరు అప్పుడే రాయించాలని లేదు. ఏడాదిలోపు రుసుం లేకుండా చేర్పించుకోవచ్చు, ఆ తర్వాత రుసుం కట్టి పదిహేనేళ్ళ వరకూ చేర్పించవచ్చు. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడానికీ, పాస్‌పోర్టుకీ పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువపత్రమే ముఖ్యం. అందులో పడిన అక్షరమే జీవితాంతం వెంట వస్తుంది. ఆధార్ తీయించేటప్పుడు ఇంగ్లీషు పేరు చూసుకుని మురిసిపోకు. తెలుగు పేరు కంప్యూటర్ దానంతటదే రాసేస్తుంది, ఒత్తులూ దీర్ఘాలూ తారుమారవుతాయి. అక్కడే నిలబడి దిద్దించుకో.

బారసాలనాడు పళ్ళెంలో బియ్యం పోసి ఉంగరంతో పేరు రాసేది తెలుగులోనే కదా. ఆ రోజుకు ముందే కాగితం మీద తెలుగులో రాసి, నాయనమ్మ చేత, పక్కింటి పిల్లల చేత, మీ ఇంటికొచ్చే పాలబ్బాయి చేత చదివించి చూడు. అందరూ ఒకేలా పలికారంటే, ఎంత అరుదైన పేరైనా ధైర్యంగా పెట్టేసెయ్. పెట్టాక నాకూ ఒక ఉత్తరం ముక్క రాయి. పేరు తెలుగులోనే రాయాలి సుమా!