చిక్కటి ఆయిల్ పోస్తే ఇంజన్‌కు బలమా?

బండి బాగోగులు: ప్రశ్నలు - జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ పాత ఓరుగల్లు జిల్లా నుంచే వచ్చాయి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి. అందరివీ కొత్త బండ్లే, అందరికీ ఆయిల్ గురించే అనుమానం.

ప్రశ్న: సార్, పోయిన దసరాకు చిన్న పెట్రోల్ కారు తీసుకున్నం. 4,300 కిలోమీటర్లు తిరిగింది. ఇంటికాడికెల్లి బడికి ఐదు కిలోమీటర్లు, మళ్ల ఇంటికి ఐదు, అంతే. కారు పుస్తకంల 0డబ్ల్యూ-20 అని ఉన్నది. మాకు తెలిసిన మెకానిక్ అన్న "అది నీళ్లోలె ఉంటది, మన ఎండలకు ఆగది, 20డబ్ల్యూ-50 పోయిస్త" అంటుండు. ఎవరి మాట వినాలె?
– ఒక ఉపాధ్యాయుడు, జనగామ

జవాబు: పుస్తకం మాటే వినండి మాస్టారూ. అట్లని మెకానిక్ అన్నను తప్పుపట్టకండి. ఆయనకు పని నేర్పిన గురువు చేతికింద నడిచినవి అంబాసిడర్లు, జీపులు. వాటి బేరింగుల్లో సందు ఎక్కువ, ఆయిల్ పంపు మోటు. చిక్కటి ఆయిల్ వాటికి సరిపోయేది. మీ ఇంజన్ వేరే కాలంలో పుట్టింది.

ముందు ఆ అంకెల సంగతి. గీత తర్వాతి అంకె, అంటే 20, ఆయిల్ 100 డిగ్రీల వేడిలో ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. 20 గ్రేడుకు 6.9 నుంచి 9.3 సెంటీస్టోక్స్ లోపల ఉండాలని లెక్క. 50 గ్రేడుకు 16.3 నుంచి 21.9 దాకా. అన్న పోస్తానంటున్నది రెట్టింపు కన్నా చిక్కనిది. మీ ఇంజన్‌లో వాల్వుల టైమింగ్‌ను మార్చే వీవీటీ సన్నటి దారుల గుండా వచ్చే ఆయిల్ ఒత్తిడితోనే కదులుతుంది. ఆ దారుల్లో రెట్టింపు చిక్కటి ఆయిల్ పోవాలంటే ఆలస్యం అవుతుంది, పంపు మీద బరువు పడుతుంది, మైలేజీ తగ్గుతుంది.

ఇక ఎండ మాట. బయట 45 డిగ్రీలున్నా, మాఘమాసపు చలిలో మేడారం జాతరకు పోతున్నా, థర్మోస్టాట్ మీ ఇంజన్ నీళ్లను 90 డిగ్రీల చుట్టుపక్కలే పట్టి ఉంచుతుంది. ఆయిల్ దానికి కాస్త అటూ ఇటూ. కూలింగ్ సరిగ్గా ఉన్నంత కాలం బయటి ఎండ లోపలి ఆయిల్‌కు పెద్దగా తెలియదు. అయినా మన దగ్గర ఎండ పేరు చెప్పి అమ్ముడుపోయినంత చిక్కటి ఆయిల్ ఇంకే పేరు మీదా అమ్ముడుపోదు!

డబ్ల్యూ ముందున్న అంకె చలికి సంబంధించింది. 0డబ్ల్యూ ఆయిల్‌ను సున్నాకు కింద 35 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు. "మనకు అంత చలి ఎక్కడిది?" అంటారేమో. ఆయిల్‌కు 100 డిగ్రీలు కాకపోతే అంతా చలే. మీ 0డబ్ల్యూ-20 కూడా 40 డిగ్రీల దగ్గర, అంటే మే నెల మధ్యాహ్నం షెడ్డులో నిలబెట్టిన బండిలో, దాదాపు ఐదింతలు చిక్కగా ఉంటుంది. పొద్దున తాళం తిప్పిన మొదటి కొన్ని క్షణాల్లో ఆయిల్ పైదాకా ఎంత తొందరగా ఎక్కితే అరుగుదల అంత తక్కువ. పలచటి ఆయిల్ ఇక్కడే పనికొస్తుంది.

మీ ఉత్తరంలో నాకు గ్రేడు కన్నా ఎక్కువ దిగులు పుట్టించింది ఆ ఐదు కిలోమీటర్లు. బడి వచ్చేసరికి నీళ్లు వేడెక్కుతాయి గానీ ఆయిల్ పూర్తిగా వేడెక్కదు. ఇంజన్‌లో పెట్రోల్ మండితే నీటి ఆవిరి పుడుతుంది. అందులో కొంత ఆయిల్‌లో చేరుతుంది. కాలని పెట్రోల్ చుక్కలు కూడా చేరతాయి. ఇప్పుడు బంకులో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఇథనాల్‌కు తేమంటే ఇష్టం. ఆయిల్ బాగా వేడెక్కితే ఇవన్నీ ఆవిరై పోతాయి. వేడెక్కకపోతే లోపలే ఉండిపోతాయి. ఆయిల్ పోసే మూత విప్పి చూడండి, లోపల పాలమీగడ లాంటి తెల్లటి పూత కనబడితే అది ఇదే. అందుకని వారానికొకసారి బండిని రోడ్డెక్కించండి. పెంబర్తి దాకా పోయి వస్తే చాలదు, యాదగిరిగుట్ట దాకా పోయి రండి. ఇంట్లోవాళ్లూ సంతోషిస్తారు. కిలోమీటర్లు నిండలేదని ఆయిల్ మార్పు వాయిదా వేయకండి. "10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది" అని మీ పుస్తకంలో ఉంటే, మీకు ముందొచ్చేది ఏడాదే.

ప్రశ్న: అన్నా, నాకు మిర్చి తోట ఉన్నది, ట్రాక్టర్ ఉన్నది. మొన్న బీఎస్-6 డీజిల్ బండి తీసుకున్న. ట్రాక్టర్ కోసం తెచ్చిన 15డబ్ల్యూ-40 ఆయిల్ డబ్బా సగం మిగిలింది. అదీ డీజిలే, ఇదీ డీజిలే. పోస్తే ఏమైతది?
– ఒక రైతు, కేసముద్రం, మహబూబాబాద్ జిల్లా

జవాబు: పోయకు తమ్ముడూ. బండి ఆ రోజే ఆగిపోదు, అందుకే ఈ తప్పు చాలామంది చేస్తారు.

2020 ఏప్రిల్ 1 నుంచి అమ్మిన కొత్త బండ్లన్నీ బీఎస్-6. డీజిల్ కార్ల పొగ గొట్టంలో డీపీఎఫ్ అనే జల్లెడ ఉంటుంది. పొగలోని మసిని అది పట్టుకొని, నిండగానే బాగా వేడి చేసి కాల్చేస్తుంది. మసి కాలుతుంది, బూడిద కాలదు. ఆ బూడిద ఎక్కడిదంటే, చాలామటుకు ఆయిల్‌ది. ఆయిల్‌లో కలిపే మందుల్లోని లోహాలు ఇంజన్‌లో కొద్దికొద్దిగా కాలి బూడిదై ఆ జల్లెడలో కూర్చుంటాయి. కట్టెలపొయ్యిలో నిప్పు ఆరినా బూడిద మిగిలినట్టే. పొయ్యిలో బూడిదను నువ్వు ఎత్తిపోస్తావు, ఈ జల్లెడలోది నీ చేతికి అందదు.

అందుకే ఈ బండ్లకు బూడిద తక్కువగా ఇచ్చే ఆయిల్‌ను విడిగా తయారు చేస్తారు. డబ్బా మీద ఏసీఈఏ సీ2, సీ3 లాంటి గుర్తులు ఉంటాయి. సీ3లో సల్ఫేటెడ్ యాష్ 0.8 శాతం మించకూడదు. ట్రాక్టర్ ఆయిళ్లలో చాలావాటికి ఈ కట్టుబాటు లేదు. ట్రాక్టర్‌కు అది మంచి ఆయిలే, నీ కారుకు కాదు. కొత్త డీపీఎఫ్ వేయించాలంటే ఎంతవుతుందో సర్వీస్ సెంటర్‌లో ఒకసారి అడిగి, ఆ సగం డబ్బా ఖరీదుతో పోల్చుకో.

ఇంకొకటుంది. ఇంటి నుంచి తోటకు, తోట నుంచి కేసముద్రం మార్కెట్‌కు చిన్న చిన్న తిరుగుళ్లయితే ఆ మసి పూర్తిగా కాలే అవకాశం దొరకదు. కాల్చడం మొదలైన ప్రతిసారీ ఇంజన్ కొంత డీజిల్ ఎక్కువ పోస్తుంది. మధ్యలో తాళం తీసేస్తే ఆ డీజిల్ కొంత జారి ఆయిల్‌లో కలుస్తుంది. అట్లా డిప్‌స్టిక్ మీద ఆయిల్ తగ్గకుండా పెరుగుతుంది! పెరిగిందని సంబరపడకు. గుర్తు దాటితే వెంటనే సర్వీస్ సెంటర్‌కు తీసుకుపో. మిర్చితో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పోయే రోజున ఈ బండిలోనే పోతే, పొడుగు రోడ్డు మీద ఆగకుండా నడిచి జల్లెడ దానంతట అదే శుభ్రపడుతుంది. డీపీఎఫ్ దీపం వెలిగితే మాత్రం వరంగల్ పని పడేదాకా ఆగకు, ఆ రోజే రోడ్డెక్కు.

ప్రశ్న: నేను గని ఉద్యోగిని. రోజూ బొగ్గు లారీల ఎనకాలనే నా కారు. దుమ్ముకు ఆయిల్ తొందరగా పాడైతదా? ఇంకా చిక్కటిది పోయాల్నా?
– భూపాలపల్లి

జవాబు: దుమ్ముకు విరుగుడు చిక్కదనం కాదు, ఫిల్టర్. ఓపెన్‌కాస్టు గనులూ, చెల్పూరు దగ్గర కరెంటు ప్లాంటుకు బొగ్గు మోసే లారీలూ ఉన్న రోడ్ల మీద గాలిలో బొగ్గుపొడీ మట్టీ రెండూ ఉంటాయి. గాలి ఫిల్టర్ దాటి లోపలికి పోయిన ఇసుక రేణువు ఆయిల్‌లో చేరితే గరుకు కాగితంలా పనిచేస్తుంది. దాన్ని ఏ గ్రేడూ ఆపదు.

మీ కారు పుస్తకంలో సర్వీస్ పట్టిక రెండు రకాలుగా ఉందేమో చూడండి. ఒకటి మామూలు వాడకానికి, ఇంకొకటి కఠినమైన వాడకానికి. దుమ్ము రోడ్లు, చిన్న ప్రయాణాలు, గంటలకొద్దీ ఆగి ఇంజన్ నడపడం, ఇవన్నీ రెండోదాని కిందికి వస్తాయి. భూపాలపల్లిలో మీది కచ్చితంగా రెండోదే. గేటు దగ్గర ఏసీ వేసుకొని కూర్చున్న అరగంటలో కిలోమీటర్ల మీటరు కదలదు గానీ ఆయిల్ పనిచేస్తూనే ఉంటుంది. అదే గ్రేడు ఆయిల్‌ను, అదే గుర్తుతో, ముందుగా మార్పించండి. గాలి ఫిల్టర్‌ను ఇంకా ముందుగా. ఆయిల్ నల్లబడితే బెంగపడకండి. డీజిల్ ఇంజన్‌లో కొత్త ఆయిల్ కూడా తొందరగానే నల్లబడుతుంది, మసిని పట్టుకోవడం దాని పనే.

ప్రశ్న: డబ్బా మీద "ఫుల్లీ సింథటిక్" అని పెద్దగ రాసి ఉంటె చాలదా? బైక్ ఆయిల్ అయినా సింథటికే కదా?
– ఒక విద్యార్థి, జనగామ

జవాబు: పెద్దక్షరాలు అమ్మేవాళ్ల కోసం. మీరు చూడాల్సింది వెనకవైపు చిన్నక్షరాలు. పెట్రోల్ కారుకైతే గ్రేడు, ఏపీఐ గుర్తు. 2010లో వచ్చింది ఎస్‌ఎన్, 2020లో ఎస్‌పీ, 2025లో ఎస్‌క్యూ. పెట్రోల్ ఇంజన్లకు పుస్తకంలో ఎస్‌ఎన్ అడిగితే ఎస్‌పీ పోయొచ్చు, ఎస్‌పీ అడిగితే ఎస్‌ఎన్ పోయకూడదు. చిన్న టర్బో పెట్రోల్ కారుకు ఇది మరీ ముఖ్యం. తక్కువ వేగంలో గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు పెట్రోల్ వేళకు ముందే అంటుకునే జబ్బు వాటికి ఉంది. దాన్ని అదుపులో పెట్టే పరీక్ష ఎస్‌పీలో ఉంది.

బైక్ ఆయిల్ బైక్‌కే. చాలా బైకుల్లో క్లచ్ కూడా అదే ఆయిల్‌లో మునిగి ఉంటుంది కాబట్టి జాసో ఎంఏ గుర్తుతో జారనివ్వని ఆయిల్ చేస్తారు. కారుకు దానితో పనిలేదు.

ప్రశ్న: బయట మార్పిస్తే వారంటీ పోతదా?
– ఒక గృహిణి, మహబూబాబాద్

జవాబు: ఒక సంగతి చెబుతానమ్మా. 2014లో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు రూ.2,544 కోట్ల జరిమానా వేసింది. విడిభాగాలను బయట దొరకనివ్వకపోవడం, బయట రిపేరు చేయిస్తే వారంటీ మొత్తం రద్దనడం తప్పని చెప్పింది. ఆ తర్వాత అప్పీళ్లు నడిచాయి. అయితే వారంటీ అడిగిన రోజున మీ చేతిలో ఉండాల్సింది వాదన కాదు, కాగితం. వారంటీ ఉన్నన్నాళ్లు కంపెనీ సర్వీస్‌కే పోండి. బిల్లులో ఏ గ్రేడు ఎన్ని లీటర్లు పోశారో రాయించుకోండి. నా మొదటి కారుకు ఒక చోట అర లీటరు ఎక్కువ పోసి పంపారు, బిల్లు చూస్తే గానీ తెలియలేదు. ఎక్కువైన ఆయిల్‌ను క్రాంక్ చిలికి నురగ చేస్తుంది. నురగకు ఒత్తిడి ఉండదు. సర్వీస్ నుంచి తెచ్చిన మర్నాడు పొద్దున సమానమైన చోట నిలబెట్టి డిప్‌స్టిక్ చూసుకోండి. రెండు గుర్తుల మధ్య ఉంటే సరి.

ప్రశ్న: మార్చిన పాత ఆయిల్ ఇంటికి తెచ్చుకొని కంచె గుంజలకు, దర్వాజలకు చెదలు పట్టకుండ పూస్తం. పర్వాలేదా?
– మహబూబాబాద్ జిల్లా

జవాబు: మా తాతా పూసేవాడు. కానీ వాడేసిన ఆయిల్‌లో అరిగిన లోహమూ, చర్మానికి హాని చేసే మసి పదార్థాలూ ఉంటాయి. వాన పడితే గుంజ మీది నుంచి మట్టిలోకి, మట్టి నుంచి బావిలోకి దిగుతుంది. ప్రభుత్వ నిబంధనల్లో అది ప్రమాదకర వ్యర్థం కింద లెక్క. మెకానిక్ దగ్గరే వదిలేయండి, డ్రమ్ములో పోసుకొని రీసైక్లింగ్ వాళ్లకు ఇస్తాడో లేదో అడగండి. కొత్త ఆయిల్ వచ్చిన ఖాళీ డబ్బాను మాత్రం మీరే తీసుకొని, మూత విరిచి, పక్కకు కోసి పడేయండి. చెక్కుచెదరని డబ్బా దొరికితే కల్తీవాళ్లు అందులోనే నింపి మళ్లీ మీకే అమ్ముతారు. చెదలకు ఎరువుల దుకాణంలో మందు దొరుకుతుంది.