వరి–గోధుమ సాగులో నేల సారం: రెండు పంటల నడుమ జరిగే నష్టం, దాని నివారణ

పంజాబ్, హర్యానా మొదలుకొని ఉత్తరప్రదేశ్, బీహార్ వరకు వ్యాపించిన సింధు–గంగా మైదానంలో సుమారు కోటి హెక్టార్ల భూమిలో వానకాలంలో వరి, చలికాలంలో గోధుమ ఒకదాని వెంట ఒకటిగా సాగవుతున్నాయి. ఇక్కడి నేల సమస్యలను వరికి విడిగా, గోధుమకు విడిగా పరిశీలించడం పరిపాటి. అయితే నేలకు జరిగే నష్టంలో చాలా భాగం ఒక పంట నుండి మరొక పంటకు మారే సమయంలోనే జరుగుతుంది. వరి కోత నుండి గోధుమ విత్తే వరకు ఉండే రెండు మూడు వారాలు, గోధుమ కోత నుండి వరి నాట్ల వరకు ఉండే రెండు నెలలు ఇందుకు కీలకమైనవి. ఎకరం, అరెకరం సేద్యం చేసే సన్నకారు రైతు తన నేలను బాగుచేసుకొనే అవకాశం కూడా ఎక్కువగా ఈ రెండు విరామాల్లోనే ఉంటుంది.

ఒకే నేల, రెండు స్వభావాలు

వరి కొరకు నీరు పెట్టి దమ్ము చేసినపుడు మట్టి రేణువుల కూర్పు చెదిరిపోతుంది. నీరు ఇంకకుండా నిలవడానికి అదే కావాలి. ఏటేటా దమ్ము చేయడం వలన సుమారు 15–25 సెంటీమీటర్ల లోతున గట్టి పొర ఏర్పడుతుంది. వరి వేళ్లు పైపైనే ఉంటాయి గనుక ఆ పొర వరికి అంతగా అడ్డు కాదు. గోధుమ వేళ్లు మాత్రం దానిని దాటి దిగలేవు. తొలి తడి తరువాత నీరు ఇంకక, ఆకులు పసుపుబారిన గోధుమ చేలు బరువు నేలల్లో తరచుగా కనిపించడానికి కారణమిదే.

పోషకాల నడవడి కూడా ఇదే విధంగా మారుతుంది. నీరు నిలిచిన నేలలో గాలి లేనందున, ఇనుముతో బంధింపబడి ఉన్న భాస్వరం విడుదలై వరికి అందుతుంది. నేల ఆరగానే అది తిరిగి బంధింపబడుతుంది. కనుక రెండు పంటలకూ భాస్వరాన్ని సమానంగా పంచడం కన్న, సిఫారసు మోతాదును గోధుమకు విత్తే సమయంలోనే పూర్తిగా వేయడం మేలు. అలా వేసిన పొలంలో, భూసార పరీక్షలో భాస్వరం తక్కువగా లేదని తేలితే, తరువాతి వరికి భాస్వరం మానివేయవచ్చు. పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం చాలా కాలంగా ఈ సలహా ఇస్తున్నది. డి.ఎ.పి. ఖర్చు ఒక పంటకు తగ్గడం చిన్న రైతుకు చిన్న విషయం కాదు.

మాంగనీసు విషయంలో ఫలితం తారుమారవుతుంది. నీటి ముంపులో అది కరిగే రూపానికి మారి, తేలిక నేలల్లో వేళ్లకు అందనంత లోతుకు దిగిపోతుంది. ఆ లోపం వరిలో కాక తరువాత వచ్చే గోధుమలో బయటపడుతుంది. ఆకు ఈనెల మధ్య భాగం పాలిపోయి, బూడిద రంగు నుండి గులాబీ–గోధుమ రంగుకు మారే చిన్న మచ్చలు కనిపిస్తాయి. నేలలో వేసిన మాంగనీసు సల్ఫేటు త్వరగా మొక్కకు అందని రూపానికి మారుతుంది. కనుక ఎకరాకు 200 లీటర్ల నీటిలో 1 కిలో కలిపి, తొలి తడికి రెండు మూడు రోజుల ముందు ఒకసారి, తరువాత వారం వ్యవధిలో రెండు మూడు సార్లు పిచికారి చేయాలి. దీనిని నత్రజని లోపంగా భ్రమించి యూరియా చల్లే రైతులు ఎందరో ఉన్నారు.

జింకు లోపం వరిలోనే కనిపిస్తుంది. నాటిన రెండు మూడు వారాలకు ఆకులపై తుప్పు రంగు మచ్చలు వచ్చి పైరు గిడసబారే ‘ఖైరా’ను తెగులుగా భావించే రోజుల్లో, అది జింకు లోపం వలన కలుగుతుందని పంత్‌నగర్‌లో వై.ఎల్. నేనే 1966లో తెలియజేశారు. ఉత్తర బీహార్‌లోని సున్నపు నేలల్లో ఈ లోపం సర్వసాధారణం. ఆఖరి దమ్ములో హెక్టారుకు 25 కిలోల జింకు సల్ఫేటు వేస్తే దాని ప్రభావం తరువాతి గోధుమకూ అందుతుంది. భాస్వరపు ఎరువులతో కలిపి మాత్రం వేయరాదు.

గడ్డితో తరలిపోయే సారం

ఒక టన్ను వరిగడ్డిలో సుమారు 5.5 కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరం, 25 కిలోల పొటాష్, 1.2 కిలోల గంధకం ఉంటాయి. ఎకరం పొలం నుండి 2 టన్నుల గడ్డి బయటకు పోయిందంటే దానితో 50 కిలోల పొటాష్ పోయినట్లే. ఇది 83 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌కు సమానం. గింజతో పోయే పొటాష్ దీనిలో చిన్న వంతు మాత్రమే.

గడ్డిని కాల్చితే కర్బనం దాదాపు పూర్తిగా, నత్రజనిలో 80–90 శాతం, గంధకంలో సగం వరకు పొగలో కలిసిపోతాయి. పొటాష్ మాత్రం చాలావరకు బూడిదలో మిగులుతుంది. అందువలన కాల్చివేసే పశ్చిమ జిల్లాల్లో ప్రధాన నష్టం కర్బనానిది. పశువుల మేతకు గడ్డిని ఇంటికి చేర్చే తూర్పు ఉత్తరప్రదేశ్, బీహార్‌లలో అది పొటాష్‌ది. ఈ రెండు ప్రాంతాలకూ ఒకే సలహా ఇవ్వడం సరికాదు. మైదానపు ఒండ్రు నేలల్లోని ఇల్లైట్ ఖనిజం తన పొరలలోని పొటాష్‌ను నెమ్మదిగా వదులుతుంది కాబట్టి, ఈ లోటు చాలా ఏళ్ల వరకు దిగుబడిలో కనిపించదు. ‘పొటాష్ వేసినా తేడా లేదు’ అనే రైతు మాట అబద్ధం కాదు, కానీ నేలలోని నిల్వ ఖర్చవుతున్నదనే విషయం అందులో లేదు.

బీహార్‌లో సగటు కమతం 2015–16 వ్యవసాయ గణన ప్రకారం 0.39 హెక్టారు. ఇంత భూమిపై ఒక గేదెను పోషించే కుటుంబానికి ‘గడ్డిని పొలంలోనే వదలండి’ అని చెప్పడం వలన ప్రయోజనం లేదు. ఇక్కడ గడ్డి ఇంటికి చేరిన తరువాత దానిలోని సారం ఎటు పోతున్నదో చూడాలి. పశువు తిన్న పొటాష్‌లో అధిక భాగం పేడలో కాక మూత్రంలో వెలువడుతుంది. ఆ మూత్రం కొట్టం నేలలో ఇంకిపోతుంది. పేడ పిడకలై పొయ్యికి చేరుతుంది. వంట చెరకుకు వేరే దారి లేని ఇంట పిడకలు మానమనలేము. అయితే కొట్టంలో ఎండుమట్టి, తిన్నాక మిగిలిన గడ్డి పరచి, మూత్రంతో తడిసిన దానిని వారానికొకసారి ఎరువు గుంతకు చేర్చడం, పొయ్యి బూడిదను పారవేయక అదే గుంతలో కలపడం ఖర్చులేని పనులు. బూడిదకు క్షార గుణం ఉన్నందున పచ్చి పేడపై నేరుగా చల్లితే నత్రజని ఆవిరైపోతుంది. మట్టితో కలిపి పొరగా వేయాలి. దీనికి తోడు కోత సమయంలో అడుగున జానెడు కొయ్యకాళ్లను పొలంలో మిగల్చడం చాలామంది రైతులకు సాధ్యమే.

1970 ప్రాంతంలో ఆరంభమైన అఖిల భారత దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగాలలో నత్రజని ఒక్కటే అందిన మళ్లలో కాలక్రమంలో దిగుబడి పడిపోగా, సమతుల ఎరువులతోపాటు పశువుల ఎరువు అందిన మళ్లలో దిగుబడి నిలకడగా ఉన్నది. గుంత ఎరువుకు ఇంత ప్రాధాన్యమివ్వడానికి ఆధారమదే.

వరి కోత తరువాత

గోధుమను నవంబరు మూడవ వారం దాటి విత్తినపుడు ఆలస్యమైన ప్రతి రోజుకూ దిగుబడి సుమారు 1 శాతం తగ్గుతుంది. గింజ నిండే దశ మార్చి వేడిమికి చిక్కడమే దీనికి కారణం. 2022 మార్చిలోని తీవ్ర వేడికి ఉత్తర భారతమంతటా గోధుమ దెబ్బతిన్న సంగతి తెలిసినదే. దమ్ము చేసిన నేలను గోధుమకు అనువుగా పలుమార్లు దున్నేసరికి వారం పది రోజులు గడిచిపోతాయి, ఉన్న కొద్ది కర్బనమూ ఆక్సీకరణ చెందుతుంది. దున్నకుండా యంత్రంతో నేరుగా విత్తడం వలన ఈ రెండూ తప్పుతాయి. 1990ల చివర హర్యానాలో ఈ పద్ధతి వ్యాపించడానికి మొదటి కారణం నేల సారం కాదు, మందుకు లొంగని మండూసి కలుపు. నేల కదలని చోట ఆ కలుపు తక్కువగా మొలుస్తుంది.

గడ్డి పొలంలోనే ఉన్నపుడు హ్యాపీ సీడర్ వంటి యంత్రం దాని నడుమనే విత్తుతుంది. వరిగడ్డిలో నత్రజనికన్న కర్బనం ఎన్నో రెట్లు ఎక్కువ కనుక, దానిని విత్తే ముందు నేలలో కలిపితే కుళ్లించే సూక్ష్మజీవులు నేల నత్రజనిని పట్టి ఉంచుకొని మొలకలు పాలిపోతాయి. పైన పరచి ఉంచితే ఈ ఇబ్బంది చాలా తక్కువ.

నేల డిసెంబరు వరకు ఆరని తూర్పు జిల్లాల పల్లపు మళ్లలో యంత్రం దిగదు. అక్కడ నిలిచి ఉన్న వరిలోనే మసూర్, లంక పప్పు చల్లే ‘పైరా’ పద్ధతి పాతదే. కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరి కోతకు ముందు మినుము చల్లే మన రైతులకు దీనిని వివరించనవసరం లేదు. అటువంటి మళ్లలో ఆలస్యపు గోధుమకన్న పప్పుధాన్యమే నేలకు, రైతుకు మేలు.

గోధుమ కోత తరువాత

ఏప్రిల్ మధ్య నుండి జూన్ చివరి వరకు పొలం ఖాళీగా ఉంటుంది. నీటి వసతి ఉంటే 60–65 రోజుల పెసర వేసి, కాయలు ఏరుకొని మొక్కలను దమ్ములో కలపవచ్చు. నీరు లేకుంటే తొలకరి జల్లులకు ఎకరాకు 20 కిలోల జీలుగ విత్తనం చల్లి, 45–50 రోజుల పైరును కలియదున్నితే వరికి ఎకరాకు సుమారు 25 కిలోల నత్రజని, అంటే 55 కిలోల యూరియా ఆదా అవుతుంది. ఆ యూరియాను నిజంగా తగ్గించి వేసినపుడే ఈ లెక్క నిలుస్తుంది. జీలుగ కలిపి, యూరియా కూడా పూర్తిగా వేసిన పొలాల్లో పైరు పడిపోవడం, దోమపోటు రావడం జరుగుతాయి.

మట్టి నమూనా తీయడానికీ ఇదే తగిన సమయం. 2015లో ఆరంభమైన భూసార ఆరోగ్య పత్రాల పథకంలో సాగునీటి ప్రాంతాలకు 2.5 హెక్టార్లకు ఒక నమూనా తీసే ఏర్పాటు ఉన్నది. బీహార్ సగటు కమతాన్ని బట్టి అది ఆరుగురు రైతుల భూమి. కనుక పత్రంలోని అంకెలను దారి చూపేవిగా తీసుకొని, జింకు, పొటాష్ వంటి వాటికి రైతు తన మడి నుండి వేరుగా నమూనా తీయించడం మంచిది. గోధుమ కోసిన తరువాత, ఎరువు గాని పచ్చిరొట్ట గాని వేయక ముందు, గట్లు, పెంటకుప్పలు పెట్టిన చోట్లు వదలి 8–10 చోట్ల 15 సెంటీమీటర్ల లోతు వరకు మట్టిని తీసి, కలిపి, అరకిలో మిగిలే వరకు నాలుగు భాగాలు చేస్తూ తగ్గించాలి. ఈ మట్టిని జింకు పూత ఉన్న ఇనుప బకెట్‌లో పోయరాదు. ఆ పూత నుండి రాలే కొద్దిపాటి జింకు వలననే, లోపమున్న మడి కూడా పరీక్షలో సరిపడినంత జింకు ఉన్నట్లు కనిపిస్తుంది.