‘ఇన్‌సూపరబుల్’ అను మాట

ఆంగ్ల పత్రికల సంపాదకీయములలో ‘ఇన్‌సూపరబుల్’ అను విశేషణము అప్పుడప్పుడు కానవచ్చును. దాటుటకు వీలుకాని అడ్డంకిని తెలుపు మాట యిది. లాటినులో ‘సూపర్’ అనగా పైన. మన ‘ఉపరి’కి చుట్టము. ‘సూపరారే’ అనగా పైకెక్కి దాటుట, జయించుట. ముందున్న ‘ఇన్’ మన ‘అసాధ్యము’లోని ‘అ’ వంటిది. ‘ఇన్‌సర్‌మౌంటబుల్’ అను మాటకును అర్థ మిదియే. అందు కొండ యెక్కుట యను భావము దాగియున్నది.

పలుకునప్పుడు ‘సూ’ను ఒత్తవలెను. ‘సూపర్‌–ఏబుల్’ అని విడదీసినచో మిక్కిలి సమర్థుడను అపార్థము పుట్టును!

అసలు చిక్కు తెలుగు చేయుటలో నున్నది. మనకు దుర్లంఘ్యము, అలంఘ్యము అని రెండు మాటలు కలవు. దుస్సాధ్యము, అసాధ్యము అను జంట వంటివే యివి. మొదటిది కష్టముతో దాటదగినది. రెండవది దాటనే రానిది. ‘ఇన్‌సూపరబుల్’ రెండవది. మొదటి యర్థము కావలసినచో ఆంగ్లమున దానికి ముందు ‘ఆల్‌మోస్ట్’ అనియో, ‘సీమింగ్లీ’ అనియో చేర్చుదురు. 1953 మే 29న టెన్సింగు, హిల్లరీలు ఎవరెస్టు నెక్కునప్పుడు శిఖరమునకు కొంత దిగువను సుమారు 40 అడుగుల నిలువుబండ అడ్డుపడినది. బండకును మంచునకును నడుమనున్న పగులులో దూరి హిల్లరీ పైకి ప్రాకెను. ఆ బండ ‘సీమింగ్లీ ఇన్‌సూపరబుల్’. చూచుటకు మాత్రమే అలంఘ్యము.

తెలుగున చదివిన పిల్లలకు కళాశాలలోని ఆంగ్లము అలంఘ్యమని కొందఱు తల్లిదండ్రులు మాతో ననుచుందురు. ఆ భయమును మేము తేలికగా చూడము. ఆంగ్లమున పాఠము వినుచునే వ్రాసికొనుట మొదటి సంవత్సరమున నిజముగా కష్టమే. అయినను అది దుర్లంఘ్యము మాత్రమే. ‘ఉపరి’ తెలిసినవానికి ‘సూపర్’ పరాయిమాట కాదు గదా!

ఈ పదము అడ్డంకి, కష్టము, అభ్యంతరము వంటివానితో పొసగును. మనుష్యులకు వాడుట నేడు అరుదు. చిన్న పనులకు అసలే తగదు. వానవలన బడికి రాలేని బాలుడు సెలవు చీటీలో దీనిని వ్రాసినచో, వాన వెలిసినను రాడని ఉపాధ్యాయుడు తలపవలసి వచ్చును.

విద్యార్థు లీ వాక్యమును తెలుగు చేయవలెను: ‘ద రివర్ వాజ్ ఏన్ ఆల్‌మోస్ట్ ఇన్‌సూపరబుల్ బ్యారియర్.’ పై రెండు మాటలలో నేది తగునో ముందుగా నిర్ణయించుకొనుడు.